వెనకపిలుపు

మా పెదనాన్న వీరరాఘవయ్యగారికి తెనాలిలో రైసు మిల్లు, వేమూరు దగ్గర మాగాణి ఉండేవి. అవి చాలనట్టు సముద్రం ఒడ్డున ఉప్పు మడులు కూడా కొన్నారు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవరో" అని మా పెద్దమ్మ మాణిక్యాంబగారు అప్పట్లో నలుగురి ముందే అనేసింది.

ఆ మడులున్న చోటు పేరు పాలదిబ్బ. రేపల్లెకు దిగువన మా రేవులో పడవెక్కి, పాయ వెంట పోయి, మొగ దాటి, సముద్రంలో ఒడ్డు వారగా కొంత దూరం పోతే గాని అక్కడికి చేరం. మొగ అంటే పాయ సముద్రంలో కలిసే చోటు. గాలి లేచిందంటే అలలు అక్కడే కొండల్లా లేచి విరిగిపడతాయి. దిబ్బ మీద తాగేందుకు చుక్క నీరు లేదు. కూలీలకు మంచినీళ్ళు, బియ్యం, కిరసనాయిలు రోజూ మా ఇంజను పడవలో పోవాలి. ఉప్పు అదే పడవలో రావాలి.

డెబ్బయ్యో సంవత్సరం కార్తీకంలో ఆ పడవ మొగలో తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు గాని, పడవ నడిపే సరంగు కోటిలింగం రాలేదు. గాలివాన వస్తుందని ఆరోజు రేడియోలో చెప్పారు. రేవులో ఉన్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అప్పటికే వెళ్ళిపోయిన పడవకు మాత్రం తెలియదు. సముద్రం మీద గాలి తగిలాక కోటిలింగం ఇంటివైపు తిరిగి మొగలోకి వచ్చాడు. తిన్నగా ముందుకే పోయి దిబ్బ చాటున పడవ ఆపుకుని ఉంటే బతికేవాడని తర్వాత అందరూ అన్నారు. ఆ ఒక్క ముక్క అతనికి వేళకు చెప్పే దారి లేకపోయింది.

కోటిలింగం తర్వాత చుక్కాని పట్టింది అతని తమ్ముడు నాంచారయ్య. ఆ ఇంట్లో మిగిలిన మగాడు అతనొక్కడే. పెదనాన్నగారు అతన్ని చూసినప్పుడల్లా తల తిప్పుకునేవారు. చివరికి ఒకరోజు నన్ను పిలిచి, "ఝాన్సీ, పడవతో మాట్లాడే వైర్‌లెస్ సెట్లు ఉంటాయటగా. మళ్ళీ కార్తీకం వచ్చేలోగా పెట్టించు. లేదా మడులు మూసేస్తాను. ఆ ఇంట్లో రెండో శవం నేను చూడలేను" అన్నారు.

నేను బి.ఎస్సీ. చదివాను. మా ఆయన రేపల్లె హైస్కూల్లో మాష్టారు. నేను రేవు దగ్గర మా ఉప్పు కంపెనీ ఆఫీసు చూసుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళందరూ అంటారు. అది అబద్ధం కాదు. ఇంట్లో ఫిజిక్సు చదివింది నేనే కాబట్టి సెట్లు ఎంచే పని నా మెడకు తగులుకుంది.

బాపట్లలో బర్నబాస్ అని ఒకాయన ఉండేవాడు. సైన్యంలో సిగ్నల్సులో పనిచేసి వచ్చి, మద్రాసు కంపెనీ ఒకదానికి ఏజెంటుగా వైర్‌లెస్ సెట్లు అమ్మేవాడు. మాట నెమ్మది, మీసం భయంకరం. ఒక సెట్టు తన కొట్లో పెట్టి, ఇంకొకటి జీపులో వేసుకుని సూర్యలంక ఒడ్డుకు తీసుకుపోయి నాతో మాట్లాడించాడు. పక్కగదిలో ఉన్నంత స్పష్టంగా వినిపించింది. నేను పొంగిపోయాను.

"ఎక్కువ దూరం అరిచే సెట్టు మంచిదనుకోమాకమ్మా" అన్నాడు బర్నబాసు. "ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదు. కారు బ్యాటరీ మీద నడవాలి. చదువు రాని వాడైనా మీట నొక్కి మాట్లాడగలగాలి. ఈ మూడూ ఉంటే మిగతాది మనం చూసుకోవచ్చు."

ఢిల్లీ నుంచి లైసెన్సు రావడానికే వేసవంతా గడిచిపోయింది. వర్షాకాలంలో పరీక్షలు మొదలుపెట్టాం. ముందు సైన్యం వాళ్ళు వాడి అమ్మేసిన పాత సెట్టు ఒకటి చౌకగా వస్తుందంటే తెప్పించాను. దాన్ని ఎత్తడానికే ఇద్దరు కావాలి. పడవ రేవు వదిలి పాయలో తొలి మలుపు తిరగ్గానే నేను ఆఫీసులోంచి పిలిచాను. "పడవా, పడవా, రేవు పిలుస్తోంది, వినిపిస్తోందా?"

జవాబు రాలేదు. కాసేపటికి పడవే వచ్చింది. నాంచారయ్య, మనుషులూ దిగి, రేవు మెట్ల మీద కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి నీడన కూర్చున్నారు.

"ఏంటి నాంచారయ్యా, ఎందుకొచ్చేశారు?"

"గరగరమంటందండి. ఏవీ ఇనపట్టంలేదండి" అన్నాడు నేల చూపులు చూస్తూ.

సరే, పాత సరుకు అనుకున్నాను. బర్నబాసు కొత్త వాల్వు సెట్టు పట్టుకొచ్చాడు. మర్నాడు మళ్ళీ పిలిచాను. మళ్ళీ పడవ వచ్చేసింది, మళ్ళీ కాళ్ళు కడుక్కున్నారు. ఈసారి బ్యాటరీ పోయిందన్నారు. బర్నబాసు పడవలోకి దూకి చూస్తే బ్యాటరీ నిక్షేపంలా ఉంది. మూడోసారి ట్రాన్సిస్టర్లతో చేసిన చిన్న సెట్టు పెట్టాం. అది పలక అంత ఉంటుంది. దానికీ అదే గతి పట్టింది. ఏరియల్ వంకరగా ఉందన్నాడొకడు, తడిసిందన్నాడొకడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వీళ్ళ యవ్వారం!" అని నేను రేవంతా వినపడేలా అరిచాను. బర్నబాసు మాత్రం సెట్టు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, "సెట్టులో లోపం లేదమ్మా" అన్నాడు. ఆ మాట అతను అంటున్నది మూడోసారి. ఆశ్వయుజం వచ్చేసింది, తర్వాత కార్తీకమే. నాకు ఆకలి నిద్ర లేకుండా పోయాయి.

ఇలా కాదని, మర్నాడు సెట్టు ఒళ్ళో పెట్టుకుని నేనే పడవెక్కాను. ఆఫీసులో బర్నబాసును కూర్చోబెట్టాను. పడవ కదిలింది. మనుషులందరూ మామూలుగా ఉన్నారు, ఒకడు పాట కూడా అందుకున్నాడు. మలుపు తిరిగాం. నా ఒళ్ళో సెట్టు గంటలా మోగింది. "పడవా, పడవా, రేవు పిలుస్తోంది."

పాట ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాంచారయ్య చుక్కాని తిప్పేశాడు.

"వినిపిస్తోందిగా! ఇంత బాగా వినిపిస్తుంటే ఎందుకు తిప్పుతున్నావు?" అన్నాను మండిపడుతూ.

రేవు దగ్గరపడ్డాక నాంచారయ్య నెమ్మదిగా అన్నాడు. "ఎనకమాల పిలిచారు గదండి అమ్మగారూ. నీళ్ళ మీదికి పొయ్యేవాణ్ణి ఎనకమాల పిలిస్తే ఎట్టా పోతామండీ? ఎనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూకొని పోవాలి గదండీ."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. ఇదేదో పల్లెవాళ్ళ పట్టింపు అని విదిలించేద్దామంటే అదీ కుదరదు. తెనాలిలో మా ఇంట్లో జరిగేదీ ఇదే. పెదనాన్నగారు మిల్లుకు బయల్దేరి గడప దాటాక కళ్ళజోడు మర్చిపోతే, ఇంటిల్లిపాదిలో ఒక్కరూ 'ఏమండోయ్' అని పిలవరు. పెద్దమ్మ ఎవరో ఒకరి చేతికి కళ్ళజోడు ఇచ్చి పెరటి సందులోంచి తరిమేది. మేం పరుగెత్తుకుంటూ చుట్టు తిరిగి వీధి చివర ఆయనకు ఎదురెళ్ళి ఇచ్చేవాళ్ళం. అలా పెరిగిన దాన్ని, బి.ఎస్సీ. చదివిన దాన్ని, రోజూ పడవను వెనక నుంచి పిలుస్తూ కూర్చున్నాను!

ఈ సంగతి చెబితే బర్నబాసు మీసాల్లోంచి నవ్వాడు. "మాకు ఆ పట్టింపు లేదమ్మా. అయితే మా సుబేదారు ఒకాయన ఉండేవాడు. పిల్లి ఎదురైతే జీపు ఆపించేవాడు. ఆయనకు భయపడి మేమూ ఆగేవాళ్ళం. మనిషి మనసు కూడా సెట్టులో ఒక భాగమే అనుకోవాలి. ఇప్పుడేం చేద్దాం?"

"ఎదురెళ్ళి పిలుద్దాం" అన్నాను. "పాలదిబ్బ మీద పెద్ద సెట్టు పెట్టండి. పడవ అటు పోయేటప్పుడు దిబ్బ పిలుస్తుంది, ఇటు వచ్చేటప్పుడు రేవు పిలుస్తుంది. ఎప్పుడైనా ముందున్న వాళ్ళే పిలవాలి."

బర్నబాసు లెక్క చూసుకుని, అదే సరైనదన్నాడు. పడవలో చిన్న సెట్టు మొగ దాటాక ఎలాగూ రేవుకు అందదట. రేవు మాట దానికి వినపడదు, దాని మాట రేవుకు వినపడదు. దిబ్బ మీద సరుగుడు వాసాలు జోడించి ఎత్తుగా ఏరియల్ కడితే మాత్రం ఇటు రేవుకూ అటు పడవకూ రెండింటికీ అందుతుంది. పెదనాన్నగారు వెంటనే ఒప్పుకున్నారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. దిబ్బ మీద సెట్టు దగ్గర కూర్చునేదెవరు? కూలీలు తెల్లారితే మడుల్లో ఉంటారు. మేస్త్రీ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంటాడు. పాకలో రోజంతా ఉండేది వంట చేసే మనిషి ఒక్కతే. ఆమె కోటిలింగం భార్య రత్తమ్మ.

మొగుడు పోయాక రత్తమ్మ రేవు పక్కనున్న పల్లె వదిలేసి దిబ్బ మీదికి వచ్చేసింది. పడవ దిబ్బకు వచ్చే వేళకు పాక వెనక్కి పోయి కూర్చునేది, పడవ పోయేదాకా ఇవతలికి వచ్చేది కాదు. విధవరాలు ఎదురైతే మంచిది కాదని ఎవరూ చెప్పనక్కర్లేకుండా తనే తప్పుకునేది. నేను సెట్టు చూపించి, మీట నొక్కడం నేర్పి, ఇకనుంచి నువ్వే పడవను పిలవాలి అన్నాను. ఆమె మీట మీద నుంచి చెయ్యి తీసేసింది.

"నా గొంతు వద్దండమ్మగారూ."

"ఎందుకొద్దు?"

"ఆరోజు ఆయన పడవెక్కాక నేను ఎనక నించి పిలిచానండి. అన్నం క్యారేజీ మర్చిపోతే ఉండబట్టలేక పిలిచేశాను. పల్లెలో అందరూ ఇన్నారు. 'నువ్వు పిలిస్తే ఆగేవాణ్ణా నేను?' అని ఆయన నవ్వుకుంటా పొయ్యాడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పిలుపే చంపిందండి. మా మరిదిని కూడా పిలవమంటారా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక తిరుగు పడవలో నాంచారయ్య మీద చూపించాను. "మీ వదిన పిలిస్తే పలుకుతావా, పలకవా?" అని నిలదీశాను. అతను చుక్కాని కొయ్యను గోటితో గీకుతూ, "నేనొక్కణ్ణే కాదు గదండి పడవలో" అన్నాడు.

చివరికి రత్తమ్మే ఒక మధ్యేమార్గం చెప్పింది. మాట్లాడదట. మీట నొక్కి, గరిటెతో బల్ల మీద రెండుసార్లు కొడుతుందట. అంటే దిబ్బ వింటోంది, అంతా బాగుంది, రండి అని. "మాకు సైన్యంలో కూడా చాలాసార్లు టెలిగ్రాఫు చుక్కా గీతా తప్ప గొంతు ఉండేది కాదు. అదీ భాషేనమ్మా" అని బర్నబాసు సమర్థించాడు. మర్నాటి నుంచి పడవ మొగ దాటగానే ఎదురు నుంచి టక్ టక్ అని వినిపించేది. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఆ గరిటె ఎవరి చేతిలో ఉందో పడవలో అందరికీ తెలుసు. తెలియనట్టే ఉన్నారు. నేనూ ఊరుకున్నాను.

కార్తీకం సగం గడిచింది. ఒకరోజు పడవ రేవు వదిలి వెళ్ళిన కొంతసేపటికి మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. బందరుకూ బాపట్లకూ మధ్య తీరంలో ఈదురుగాలులు, చేపల వేటకు వెళ్ళొద్దు అని. బయటికొచ్చి చూస్తే తూర్పున ఆకాశం గచ్చకాయ రంగులోకి తిరుగుతోంది. పడవ అప్పటికి మొగ దాటి ఉంటుంది. నా పిలుపు దానికి అందదు. పరుగెత్తి సెట్టు ముందు కూర్చున్నాను.

"దిబ్బా, దిబ్బా, రేవు పిలుస్తోంది."

టక్ టక్.

"రత్తమ్మా, గాలి లేస్తోంది. నాంచారయ్య మొగ దాటి ఉంటాడు. వెనక్కి తిరగొద్దని చెప్పు. తిన్నగా నీ దగ్గరికే రమ్మని చెప్పు."

మళ్ళీ టక్ టక్.

"గరిటె కాదే తల్లీ, నోరు కావాలి!"

"మేస్త్రీని పిలుచుకొత్తానండి" అంది సెట్టులో. ఆమె గొంతు సెట్టులో వినడం నాకు అదే మొదలు. సన్నగా, వణుకుతూ ఉంది.

"మేస్త్రీ వచ్చేలోపల వాళ్ళు తిరిగేస్తారు! గాలి తగిలితే ఇంటివైపే తిరుగుతారు, మీ ఆయన చేసిందీ అదే!"

"నా గొంతు మంచిది కాదమ్మగారూ..."

నాకు ఓదార్చడం చేతకాదు. తిట్టడమే వచ్చు. "నోర్ముయ్! ఆరోజు నీ పిలుపు విని మీ ఆయన ఆగి, వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, నీ చేతి క్యారేజీ తీసుకుని కాసేపు కూర్చుని ఉంటే, గాలి సంగతి రేవులోనే తెలిసేది. అతను చచ్చింది నువ్వు పిలిచినందుకు కాదు, నువ్వు పిలిచినా ఆగనందుకు! ఇప్పుడు పిలుస్తావా, నాంచారయ్యను కూడా పోనిస్తావా?"

మీట వదిలేశాను. అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. సెట్టులో గాలి హోరు ఒక్కటే వినిపిస్తోంది.

ఆ తర్వాత రత్తమ్మ పిలిచింది.

"నాంచారయ్యా! ఒరే నాంచారయ్యా! నేన్రా, వదిన్ని. తిరగమాక. మొగ దిక్కు తిరగమాకరా. ఇటే రా, నా దిక్కే రా."

నాకు ఆమె గొంతు ఒక్కటే వినిపిస్తుంది. పడవలోంచి జవాబు వస్తోందో లేదో నాకు తెలిసే దారి లేదు. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

"నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి, ఇటు రండి. ఎదురొచ్చింది ముండమోపని అనుకుంటే అనుకోండి, ఒడ్డుకొచ్చినాక అనుకోండి. మీ అన్న ఇనలేదురా. నువ్వన్నా ఇనరా. నువ్వన్నా ఇను నాయనా..."

అదే మాట మళ్ళీ మళ్ళీ. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. అప్పటికి రేవు మీద కూడా గాలి అందుకుంది, ఆఫీసు పెంకులు లేచిపోతున్నాయి. ఉన్నట్టుండి సెట్టులో ఫటేల్‌మని చప్పుడయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఏరియల్ కూలిపోయి ఉంటుంది. నేను మాత్రం మీట నొక్కి పిలుస్తూనే ఉన్నాను. సాయంత్రం తెనాలి నుంచి పెదనాన్నగారు కారులో తడిసిపోయి వచ్చారు. ఇద్దరం ఆ మూగ సెట్టు ముందే కూర్చున్నాం.

మర్నాడు గాలి తగ్గాక బర్నబాసూ నేనూ ఒక చేపల నావను బతిమాలుకుని బయల్దేరాం. మొగ దాటుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. నీళ్ళ మీద ఏం తేలుతూ కనిపిస్తుందోనని భయం. "కళ్ళు తెరవమ్మా" అన్నాడు బర్నబాసు కొంతసేపటికి. పాలదిబ్బ చాటున మా పడవ లంగరేసి ఉంది. నాంచారయ్య దాని మీద నిలబడి నీళ్ళు తోడుతున్నాడు. నేను పెద్దగా ఏడ్చేశాను. అతను కంగారుపడి, "బానే ఉన్నామండి, అందరం బానే ఉన్నామండి" అంటూ చేతులూపాడు.

దిబ్బ మీద సగం పాక ఎగిరిపోయింది. బర్నబాసు ఏరియల్ వాసాలు ఏరుకుంటున్నాడు. మంచినీళ్ళ పీపాలు ఖాళీ అయిపోయాయి కాబట్టి పడవ వెంటనే రేవుకు పోయి రావాలి. మనుషులు ఎక్కారు. ఇంజను అందుకుంది. రత్తమ్మ అలవాటు చొప్పున, మిగిలిన సగం పాక వెనక్కి పోతోంది.

నాంచారయ్య తాడు విప్పలేదు. ఇంజను ఆపేశాడు.

"వదినే!" అని కేకేశాడు.

ఆమె ఆగింది గాని ఇటు తిరగలేదు.

"యాడికి పోతన్నావ్? ఇట్టా గట్టు మీదికి రా. పడవ కదిలినాక నన్నొకసారి పిలువు."

రత్తమ్మ ఇటు తిరిగింది. "పిచ్చా నీకు? ఎనకమాల ఎట్టా పిలుత్తానురా?"

"నిన్న నీ పిలుపు ఇనే గదా ఇటొచ్చాం. నువ్వు పిలిస్తేనే పోతా. లేకపోతే ఈడే కూకుంటా" అని అతను నిజంగానే చుక్కాని పక్కన చతికిలబడ్డాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

రత్తమ్మ నా వైపు చూసింది. ఆమె గట్టు మీదికి వచ్చి నిలబడింది. నాంచారయ్య లేచి తాడు విప్పాడు. పడవ ఒడ్డు వదిలి నాలుగు బారలు పోయింది. ఆమె నోరు తెరిచింది, మూసింది. పడవ ఇంకాస్త దూరం పోయాక, ఇక ఉండబట్టలేనట్టు గొంతెత్తి అరిచింది.

"నాంచారయ్యా! బియ్యం కూడా అయిపొయ్యినియ్, మర్చిపోమాక!"

పడవలో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. నాంచారయ్య చెయ్యెత్తి ఊపాడు. పడవ వెనక్కి రాలేదు, అలా మొగ వైపు సాగిపోయింది.